జీలుగు కల్లు, జర్మన్ లైట్ బీరు

బీరు కొనేటప్పుడు మనవాళ్లలో చాలామంది సీసా మీద వెతికేది ఒక్కటే, ‘స్ట్రాంగ్’ అన్న మాట. దేశంలో అమ్ముడుపోయే బీరులో ఎక్కువ భాగం అదే. 8 శాతం దాకా ఆల్కహాల్ ఉండే ఆ సీసా విషయంలో రుచి ఊసెవరికీ పట్టదు. ఎక్కిందా లేదా, అంతే తీర్పు. ఈ లెక్కన జర్మన్లు ‘లైష్ట్’ పేరుతో తాగే 3 శాతం లోపు లాగర్ మనకి నీళ్ల కింద జమ. కానీ పలచని పానీయాన్ని నాలుక మీద తూచి చూసే అలవాటు మనకి కొత్తేం కాదు. పార్వతీపురం దాటి రైలు రాయగడ వైపు కొండల్లోకి మళ్లిందంటే, అటు కొరాపుట్ దాకా ఆ పని రోజూ చేసేవాళ్లే ఉంటారు. అక్కడ తాగేది జీలుగు కల్లు. ఒడియాలో సలప అంటారు.

జీలుగు తాటికి చుట్టమే, ఆకు మాత్రం చేపతోకలా ఉంటుంది. ఏళ్ల తరబడి పెరిగాక గానీ పూతకు రాదు. మొదటి గెల చిటారున వేస్తుంది, తర్వాతవి ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి. చివరి గెలతో చెట్టు ఆయుష్షూ తీరిపోతుంది. అందుకే ఏ చెట్టు ఎవరిదో, ఎన్ని గెలలు మిగిలాయో ఊళ్లో అందరికీ గుర్తే. గీసేవాడు వెదురు బొంగు నిచ్చెనగా కట్టుకుని ఎక్కి, గెల కొన చెక్కి కుండ కడతాడు. ఆ చెక్కు రోజూ కొత్తగా పడాలి, లేకపోతే ధార ఆగిపోతుంది.

చెట్టు నుంచి కారే నీరు తియ్యటి చక్కెర నీరే. పులవడం కుండలో మొదలవుతుంది. కిందటిసారి మడ్డి కుండ గోడలకి అంటుకుని ఉంటుంది గదా, అందులోని ఈస్ట్ చుక్క పడగానే పనికి దిగుతుంది. 100 గ్రాముల చక్కెర మొత్తం పులిస్తే 51 గ్రాముల దాకా ఆల్కహాల్, మిగతాది కార్బన్ డయాక్సైడ్. నురగకి కారణం ఆ వాయువే. ఈస్ట్ ఒక్కటే కాదు, లాక్టిక్ బాక్టీరియా పులుపు పుట్టిస్తూ ఉంటుంది. గాలి తగిలేకొద్దీ ఎసిటిక్ బాక్టీరియా వచ్చి ఉన్న ఆల్కహాల్‌నే వెనిగర్ చేస్తుంది. పొద్దున దించినది తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మర్నాటికి ముఖం చిట్లించేంత పుల్లగా మారేది ఇందుకే. కుండలో బెరడు ముక్కలేసి చేదు, ఘాటు తెప్పించేవాళ్లూ ఉన్నారు. తాగేవాడు సొరబుర్రలోంచి ఒక గుక్క తీసి, ఎప్పుడు దించారో, కుండ కడిగారో లేదో చెప్పేస్తాడు. నా దృష్టిలో అతను ఏ బీరు పోటీ న్యాయనిర్ణేతకీ తీసిపోడు.

జర్మన్ లాగర్ దారి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఏదీ గాలికి, అదృష్టానికి వదలరు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన లాగర్ ఈస్ట్‌ని పెంచాడు. ఆ ఈస్ట్ 8–12 డిగ్రీల చలిలో నిదానంగా పనిచేసి అడుక్కి చేరుతుంది. తర్వాత బీరుని సున్నాకి దగ్గర్లో వారాల తరబడి ఉంచుతారు. ఆల్కహాల్ తగ్గించాలంటే మొదటి మార్గం మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తగ్గించడం. కాచిన మాల్ట్ నీళ్లలో కరిగిన సారం మామూలు బీరుకి 11 శాతం పైన ఉంటే, 7 నుంచి 11 లోపున్న వాటిని షాంక్‌బియర్ అని విడదీస్తారు. కానీ సారం తగ్గిస్తే నోట్లో చప్పగా నీళ్లు పోసినట్టుంటుంది. అందుకని మాల్ట్ పిండిని నానబెట్టే నీటి వేడిని 72 డిగ్రీల వైపు పెంచుతారు. పులిసే చక్కెర తయారుచేసే బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ వేడికి త్వరగా చచ్చిపోతుంది, ఆల్ఫా అమైలేజ్ మాత్రం నిలబడి డెక్స్‌ట్రిన్లు మిగులుస్తుంది. వాటిని ఈస్ట్ తినలేదు. దాంతో మత్తు తగ్గినా నోటికి ఒక నిండుతనం ఉంటుంది.

ఇలాంటి బీరులో తప్పు దాచుకోవడానికి చోటుండదు. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ మంట, తీపి కలిసి చాలా లోపాల్ని కప్పేస్తాయి. వెన్న వాసననే తీసుకోండి. అది డైఎసిటిల్. ఈస్ట్ వల్ల మొదట్లోనే పుడుతుంది, ఓపిక పడితే మళ్లీ ఈస్టే దాన్ని పీల్చుకుంటుంది. తొందరపడి సీసాకెక్కించిన లాగర్‌లో అది మిగిలిపోయి, పలచని బీరైతే మొదటి గుక్కలోనే దొరికిపోతుంది. ఉడికిన మొక్కజొన్న వాసన వేరే జబ్బు, మాల్ట్ నీళ్లు సరిగ్గా మరగలేదని అర్థం. ఎండలో పెట్టిన ఆకుపచ్చ సీసా కంపు మాత్రం కంపెనీ తప్పు కాకపోవచ్చు. వెలుతురు బీరులో వేసే హాప్స్ పూల చేదు పదార్థాల్ని విరగ్గొట్టి ఆ గంధకపు కంపు పుట్టిస్తుంది. గోధుమరంగు సీసా వాడేది అందుకే. ఇవన్నీ తెలియాలంటే ఐసు ముక్కలా చల్లార్చకూడదు. అంత చలికి ముక్కు, నాలుక రెండూ మొద్దుబారతాయి. 7–8 డిగ్రీల దగ్గర గ్లాసులో పోసి, ముందు వాసన చూసి, తర్వాత గుక్క వేయాలి.

లెక్క కూడా చూద్దాం. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 3 శాతమైతే 19.5. పలచన కదా అని మూడు సీసాలు లాగిస్తే ఆ ఒక్క స్ట్రాంగ్ సీసాని దాటిపోయినట్టే.

ఇక నిలవ విషయానికొస్తే, లాగర్‌ని వడకట్టో, వేడిచేసో ఈస్ట్‌ని ఆపేస్తారు, సీసా నెలల తరబడి నిలవుంటుంది. సలపకి ఆ వీలు తక్కువ. వేడిచేస్తే పులవడం ఆగుతుంది గానీ తాజా వాసన, నురగ పోతాయి. అందుకే దాన్ని చెట్టు దగ్గరో, లేదంటే అదే రోజు సంతలోనో తాగాలి.