ఒక్క ఓటు వెంటాడిన రెండేళ్లు

2018 అక్టోబరు 5వ తేదీ, శుక్రవారం. మధ్యాహ్నం మూడు గంటలు. వాషింగ్టన్‌లోని సెనేట్ సభామందిరంలో మేన్ రాష్ట్ర సెనేటరు శ్రీమతి సూసన్ కాలిన్స్ తన స్థానంలో లేచి నిలబడ్డారు. సందర్శకుల గాలరీలోనుంచి నినాదాలు వినిపించాయి. నినదించినవారిని బయటకు పంపివేసిన తరువాత ఆమె కాగితాలు సర్దుకుని ప్రసంగం ఆరంభించారు. దాదాపు ముప్పావు గంటసేపు దేశమంతా టెలివిజన్ల ముందు ఊపిరి బిగపట్టి విన్నది. అందరూ ఎదురుచూస్తున్న మాట చిట్టచివరి వాక్యంలో గాని రాలేదు: బ్రెట్ కావనాను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించడానికి తాను అనుకూలంగా ఓటు వేస్తానని.

ఆ మాటతో కావనా భవిష్యత్తు తేలిపోయింది. కాని ఆమె భవిష్యత్తు మాత్రం సందిగ్ధంలో పడింది. మరి రెండేళ్లలో, 2020 నవంబరులో, ఆమె తిరిగి ఓటర్ల ముందుకు వెళ్లవలసి ఉన్నది. ఆమె రాజకీయ జీవితానికి ఇక తెర పడినట్లేనని ఆ సాయంత్రమే జోస్యం చెప్పినవారు ఎందరో!

సలహా, సమ్మతి

మన దేశంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ఎంపికలో పార్లమెంటు సభ్యులకు ఓటు లేదు. సీనియర్ న్యాయమూర్తుల కొలీజియం పేర్లను సిఫారసు చేస్తుంది, రాష్ట్రపతి నియమిస్తారు. న్యాయమూర్తి 65వ యేట పదవీ విరమణ చేస్తారు. అమెరికాలో పద్ధతి వేరు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు. సెనేట్ 'సలహా, సమ్మతి' ఇవ్వాలని రాజ్యాంగం శాసిస్తున్నది. ఒకసారి నియమితుడైన న్యాయమూర్తి సాధారణంగా జీవితాంతం ఆ పీఠంపై ఉండవచ్చును. అందుచేత న్యాయమూర్తి విషయంలో సెనేటరు వేసే ఓటు ప్రభావం ఆ సెనేటరు పదవీకాలాన్ని దాటి పోతుంది.

రాజ్యసభ సభ్యుల వలెనే సెనేటర్ల పదవీకాలమూ ఆరేళ్లే. అయితే రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకుంటారు. సెనేటర్లను 1913లో జరిగిన రాజ్యాంగ సవరణ మొదలు ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు. న్యాయమూర్తిని ఎన్నుకునే హక్కు ఓటరుకు లేదు. కాని న్యాయమూర్తికి ఆమోదం తెలిపిన సెనేటరును ఇంటికి పంపే హక్కు ఉన్నది. రెండు అధికారాలు కలిసే చోటనే ఈ కథ ఉన్నది.

జూలైలో మొదలైన తుఫాను

2018 జూలై 9న అధ్యక్షుడు ట్రంప్, పదవీ విరమణ చేస్తున్న న్యాయమూర్తి ఆంథొనీ కెన్నెడీ స్థానానికి కావనా పేరు ప్రకటించారు. గర్భస్రావాన్ని స్త్రీల రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి 'రో వర్సెస్ వేడ్' తీర్పు భవితవ్యం ఆ ఒక్క స్థానంపై ఆధారపడి ఉన్నదని ఇరుపక్షాలకూ తెలుసు. కాలిన్స్ రిపబ్లికన్ పార్టీకి చెందినవారే. అయినా ఆ హక్కును సమర్థిస్తూ వచ్చినవారు. ఆగస్టులో కావనా ఆమెను కలిసి రెండు గంటలకు పైగా మాట్లాడారు. అది స్థిరపడిన చట్టమని ఆయన తనతో అన్నట్లు ఆమె బయటకు వచ్చి చెప్పారు.

సెప్టెంబరులో వ్యవహారం మరో మలుపు తిరిగింది. మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్, విద్యార్థి దశలో కావనా తనపై అత్యాచార యత్నం చేశాడని ఆరోపించారు. సెప్టెంబరు 27న న్యాయవ్యవహారాల కమిటీ ఎదుట ఆమె సాక్ష్యం చెప్పారు. కావనా ఆ ఆరోపణను తీవ్రంగా ఖండించారు. ఎఫ్.బి.ఐ. వారంరోజులలో అదనపు విచారణ ముగించింది.

సెనేట్‌లో రిపబ్లికన్లు 51, ప్రతిపక్షం 49. సుప్రీంకోర్టు నియామకంపై చర్చ ముగించడానికి 60 ఓట్లు అవసరమనే నియమాన్ని 2017లోనే తొలగించారు. కనుక మామూలు ఆధిక్యత చాలును. ఆ లెక్కలో ఒక్కొక్క ఓటూ కత్తి అంచు మీద నిలిచింది. ఫోర్డ్ సాక్ష్యం హృదయపూర్వకమైనదని, వేదనతో కూడినదని కాలిన్స్ తన ప్రసంగంలో అంగీకరించారు. కాని దానిని బలపరచే సాక్ష్యాలు లభించలేదని, నేరం రుజువు కానంతవరకు మనిషిని నిర్దోషిగా భావించాలనే సూత్రాన్ని విస్మరించరాదని అన్నారు. మరునాడు, అక్టోబరు 6న, 50–48 ఓట్లతో కావనా నియామకం ఖరారయింది. 1881 తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఇంత స్వల్ప ఆధిక్యత లభించడం అదే ప్రథమం.

ఓటుకు ముందే ఆమె కార్యాలయానికి సుమారు 3000 కోటు హ్యాంగర్లు తపాలాలో వచ్చాయి. గర్భస్రావం నేరమైన రోజులలో స్త్రీలు పడిన ప్రాణాంతకమైన పాట్లకు అమెరికాలో అవి చిహ్నాలు. ఆమె అనుకూలంగా ఓటు వేస్తే 2020లో ఆమెపై పోటీ చేయబోయే అభ్యర్థికి ఇచ్చేందుకు ప్రజలనుంచి విరాళాలు పోగయ్యాయి. ఆ అభ్యర్థి ఎవరో అప్పటికి ఎవరికీ తెలియదు! ఇది తనకు లంచం ఇవ్వజూపడమేనని కాలిన్స్ మండిపడ్డారు. ఓటు అనంతరం ఆ నిధి 30 లక్షల డాలర్లను మించిపోయింది.

పాత లెక్కలు

ఆమె ఓడిపోతారని జోస్యం చెప్పినవారికి ఆధారం లేకపోలేదు. 1991 అక్టోబరు 15న క్లారెన్స్ థామస్ నియామకాన్ని సెనేట్ 52–48 ఓట్లతో ఆమోదించింది. ఆయన తనతో అసభ్యంగా ప్రవర్తించారని ఆచార్యురాలు అనితా హిల్ చెప్పిన సాక్ష్యం అప్పుడు దేశాన్ని కుదిపివేసింది. థామస్‌కు ఓటు వేసిన 11 మంది డెమోక్రాట్లలో ఇల్లినాయ్ సెనేటరు ఆలన్ డిక్సన్ ఒకరు. నాలుగు దశాబ్దాలకు పైగా ఏ ఎన్నికలోనూ ఓటమి ఎరుగని నాయకుడాయన. అయిదు నెలలు తిరిగేసరికి, 1992 మార్చిలో, స్వంత పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయారు. ఆయనను ఓడించిన కారల్ మోస్లీ బ్రౌన్ ఆ నవంబరులో సెనేట్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళగా చరిత్రకెక్కారు.

అదే నవంబరులో పెన్సిల్వేనియాలో ఆర్లెన్ స్పెక్టర్ కూడా ఎన్నికను ఎదుర్కొన్నారు. అనితా హిల్‌ను కఠినంగా ప్రశ్నించి స్త్రీల ఆగ్రహానికి గురి అయిన సెనేటరు ఆయనే. ఆ ఆగ్రహంతోనే రంగంలోకి దిగిన లిన్ యేకెల్ ఆయనను ముప్పుతిప్పలు పెట్టారు. చివరకు సుమారు మూడు శాతం తేడాతో ఆయన బయటపడ్డారు.

2018 ఫలితాలు మరొక పాఠం చెప్పాయి. కావనాకు వ్యతిరేకంగా ఓటు వేసిన ఉత్తర డకోటా డెమోక్రాట్ హైడి హైట్‌కాంప్ ఒక నెల తరువాత ఓడిపోయారు. తమ పక్షంలో తానొక్కరే అనుకూలంగా ఓటు వేసిన పశ్చిమ వర్జీనియా సెనేటరు జో మాంచిన్ గెలిచారు. ఆ రెండు రాష్ట్రాలూ ట్రంప్‌ను బలపరిచినవే. మేన్ అలాంటిది కాదు. 2016లో అక్కడ రాష్ట్రవ్యాప్తంగా హిలరీ క్లింటన్‌కే ఎక్కువ ఓట్లు వచ్చాయి. కాలిన్స్ సంకటం అదే. వ్యతిరేకించి ఉంటే స్వంత పార్టీ ఓటర్లు క్షమించరు. అనుకూలిస్తే, ఇన్నేళ్లుగా పార్టీని పక్కనబెట్టి ఆమెకు ఓటు వేస్తూ వచ్చిన ఇతరులు క్షమించరు.

గిడియన్ రంగప్రవేశం

2019 జూన్‌లో మేన్ ప్రతినిధుల సభ స్పీకరు సారా గిడియన్ పోటీకి సిద్ధమయ్యారు. ఆమె తండ్రి భారతదేశం నుంచి వలస వెళ్లిన వైద్యుడు. తల్లి ఆర్మీనియన్ సంతతి మహిళ. పేరు తెలియని అభ్యర్థి కోసం పోగుచేసిన నిధికి ఇప్పుడు ఒక పేరు దొరికింది. దేశం నలుమూలలనుంచి వచ్చిన విరాళాలతో ఆమె నిధులు 7 కోట్ల డాలర్లను దాటాయి. కాలిన్స్‌కు వచ్చినవి అందులో సగంకంటే తక్కువ. సుమారు 13 లక్షల జనాభా గల రాష్ట్రంలో అంత డబ్బు ఎన్నడూ ఎవరూ చూడలేదు. ఎన్నికలు ముగిసేనాటికి గిడియన్ వద్ద కోటి డాలర్లకు పైగా ఖర్చు కాకుండానే మిగిలిపోయాయి.

అభిప్రాయ సేకరణలు గిడియన్ ముందంజలో ఉన్నట్లు చెబుతూ వచ్చాయి. 2014లో 68 శాతం ఓట్లతో గెలిచిన కాలిన్స్ ఈసారి ఎదురీదవలసి వచ్చింది. పైగా మేన్‌లో ఓటరు అభ్యర్థులను ప్రాధాన్య క్రమంలో గుర్తించే పద్ధతి ఉన్నది. ఎవరికీ సగం ఓట్లు రాకపోతే చిన్న అభ్యర్థులకు పడిన ఓట్లను తరువాతి ప్రాధాన్యాలను బట్టి పంచుతారు. అది ఆమెకు మరింత ప్రమాదమని పలువురు లెక్కలు కట్టారు.

కాలిన్స్ తన ప్రచారాన్ని వాషింగ్టన్ గొడవలనుంచి మేన్ గడప దగ్గరకు మళ్లించారు. ఆమె పుట్టింది ఉత్తరాన బంగాళాదుంప పండే అరూస్టుక్ ప్రాంతంలోని కారిబూ పట్టణంలో. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ పట్టణానికి మేయర్లుగా పనిచేసినవారే. కుటుంబం తరతరాలుగా కలప వ్యాపారంలో ఉన్నది. బయట పుట్టి వచ్చి స్థిరపడిన వారిని 'దూరంనుంచి వచ్చినవారు' అనడం మేన్ ప్రజలకు అలవాటు. గిడియన్ పుట్టింది రోడ్ ఐలాండ్‌లో. ఆ తేడాను కాలిన్స్ పక్షం ఓటర్లకు మరువనివ్వలేదు. నౌకానిర్మాణ కేంద్రాలకు తాను తెచ్చిన పనులు, 2020 మార్చిలో కోవిడ్ కాలాన చిన్న వ్యాపారాలను నిలబెట్టిన జీతాల సహాయ పథకం రూపకల్పనలో తన పాత్ర—వీటిని ఆమె ఊరూరా చెప్పుకున్నారు.

సెప్టెంబరు 18న న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ మరణించడంతో పాత గాయం మళ్లీ రేగింది. ఎన్నికల ముంగిట కొత్త న్యాయమూర్తిని నియమించరాదని కాలిన్స్ పట్టుబట్టారు. అక్టోబరు 26న ఏమీ కోనీ బారెట్ నియామకాన్ని 52–48 ఓట్లతో సెనేట్ ఆమోదించింది. వ్యతిరేకించిన ఏకైక రిపబ్లికన్ కాలిన్స్. ఎన్నికలకు అప్పటికి ఎనిమిది రోజులు మాత్రమే ఉన్నది.

ఓటరు త్రాసు

నవంబరు 3న మేన్‌లో బైడెన్ సుమారు తొమ్మిది శాతం ఆధిక్యతతో ట్రంప్‌ను ఓడించారు. అవే బ్యాలట్లపై కాలిన్స్ సుమారు తొమ్మిది శాతం ఆధిక్యతతో గిడియన్‌ను ఓడించారు! ఆమెకు 51 శాతం ఓట్లు వచ్చాయి. ప్రాధాన్య ఓట్లు లెక్కించే అవసరమే రాలేదు. అధ్యక్ష పదవికి ఒక పార్టీని, సెనేట్‌కు మరొక పార్టీని ఎన్నుకున్న రాష్ట్రం ఆ యేడు దేశంలో అదొక్కటే.

మరి కావనా ఓటు ఏమయింది? అది మరుగున పడిందనడం సత్యం కాదు. 68 శాతం 51కి దిగింది. ఆ పతనానికి ఆ ఓటు ఒక్కటే కారణం కాకపోయినా, దాని వాటా లేదనలేము. అయితే డిక్సన్‌కు జరిగినది కాలిన్స్‌కు జరగలేదు. డిక్సన్ తన పార్టీవారినే నొప్పించారు. పార్టీ ప్రాథమిక ఎన్నికలో జరిగిన ముక్కోణపు పోటీలో, సుమారు అయిదు నెలలకే, దానికి ఫలితం అనుభవించారు. కాలిన్స్ నొప్పించినది ప్రధానంగా ఎదుటి పక్షాన్ని. స్వంత పక్షం ఆమె వెంట నిలిచింది. రెండేళ్ల వ్యవధిలో కోపం కొంత చల్లారింది, కొత్త సమస్యలు వచ్చిపడ్డాయి. బయటి డబ్బు బయటి కోపాన్ని తెచ్చిందే గాని లోపలి విశ్వాసాన్ని కొనలేకపోయింది.

కథ అక్కడితో ముగియలేదు. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు 'రో' తీర్పును కొట్టివేసింది. కొట్టివేసిన వారిలో కావనా ఒకరు. తనతో ముఖాముఖి చెప్పినదానికి ఇది విరుద్ధమని కాలిన్స్ అన్నారు. ఆమెకు ఓటర్లు తీర్పు చెప్పేనాటికి ఆమె ఓటు ఫలితం ఇంకా పూర్తిగా బయటపడలేదన్నమాట. సెనేటరు పదవికి గడువు ఆరేళ్లు. న్యాయమూర్తి పదవికి గడువే లేదు. ఆ స్థానానికి తదుపరి ఎన్నిక 2026 నవంబరుకు గాని రాదు.

ఆ స్థానానికి మరొక చరిత్ర కూడా ఉన్నది. కాలిన్స్‌కు పూర్వం దశాబ్దాల క్రితం అందులో కూర్చున్న వనిత మార్గరెట్ చేజ్ స్మిత్. 1970లో అధ్యక్షుడు నిక్సన్ ప్రతిపాదించిన న్యాయమూర్తి కార్స్‌వెల్‌ను, తన పార్టీ అధ్యక్షుని మాట కాదని, ఆమె వ్యతిరేకించారు. ఆ నియామకం 51–45 ఓట్లతో వీగిపోయింది. మరుసటి సంవత్సరం కారిబూ నుంచి వచ్చిన ఒక పాఠశాల విద్యార్థిని ఆమెను కార్యాలయంలో కలిసి, దాదాపు రెండు గంటలు మాట్లాడి, స్త్రీలు ఏమైనా సాధించగలరన్న నమ్మకంతో తిరిగి వెళ్లింది. ఆ విద్యార్థిని పేరు సూసన్ కాలిన్స్.

1972లో మార్గరెట్ చేజ్ స్మిత్ ఓడిపోయారు. కార్స్‌వెల్ ఓటు వల్ల కాదు; వయస్సు మీద పడిందని, రాష్ట్రానికి దూరమయ్యారని ఓటర్లు అనుకున్నందువల్ల. న్యాయమూర్తిని తిరస్కరించిన సెనేటరు ఓడిపోయారు, ఆమోదించిన సెనేటరు గెలిచారు. రెండుసార్లూ మేన్ ఓటరు తూచినది ఒక్క ఓటును కాదు, మొత్తం మనిషిని.