ఇంజన్‌కు గాలి పోసే యంత్రం

తెలకపల్లి చుట్టుపక్కల ఏ చేనులో బోరు బండి ఆగినా, చుట్టూ చేరిన వాళ్ల కళ్లన్నీ రాడ్డు దిగుతున్న చోటే ఉంటాయి. మొదట తెల్లటి రాతిపొడి లేస్తుంది. తర్వాత తడిమట్టి, అదృష్టం ఉంటే నీళ్లు. వందల అడుగుల లోతున సుత్తిని ఆడించేది, ఆ పొడిని పైకి ఎగదోసేది కంప్రెసర్ గాలి. తమిళనాడు తిరుచెంగోడు పేరు రాసుకుని వచ్చే ఈ బండ్లలో చాలావాటి కంప్రెసర్ లోపల రెండు లావాటి స్క్రూలు ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతుంటాయి. ఈ జంట స్క్రూల యంత్రానికి 1930లలో రూపం ఇచ్చినవాడు స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లిషోల్మ్. దాని చిన్న తమ్ముణ్ని కారు ఇంజన్‌కు బిగిస్తే అదే సూపర్‌చార్జర్.

ఈ వంశం ఇంకా పాతది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లో ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు మిల్లు నడిపే నీటిచక్రాన్ని బాగుచేయబోయి, గాలిని బలంగా ఊదే యంత్రాన్ని కనిపెట్టారు. 1860లో దానికి పేటెంటు తీసుకున్నారు. అప్పటికి కారే పుట్టలేదు. ఆ యంత్రం ఇనుము కరిగించే కొలుములకు గాలి ఊదింది. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా పంపవచ్చన్న ఆలోచనకు 1885లో గాట్లీబ్ డైమ్లర్ పేటెంటు పొందాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ కార్లు కంప్రెసర్‌తో నిలబడ్డాయి. పెడల్‌ను అడుగంటా తొక్కితేనే వాటి కంప్రెసర్ పనిలోకి దిగేది.

ఈ యంత్రం అవసరమెంతో తెలియాలంటే ఇంజన్ ఏం తిని బతుకుతుందో చూడాలి. పెట్రోలు ఎంత పోసినా, దాన్ని కాల్చడానికి సరిపడా ఆక్సిజన్ లేకపోతే శక్తి రాదు. కొండ ఎక్కినా గాలిలో ఆక్సిజన్ వాటా మారదు, 21 శాతమే. మారేది గాలి చిక్కదనం. మామూలు ఇంజన్ కిలోమీటరు ఎత్తుకు దాదాపు పదోవంతు శక్తి పోగొట్టుకుంటుంది.

తెలకపల్లి సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు పోయేది ఐదు శాతం, అంతే. కానీ గాలిని పలచన చేసేది ఎత్తు ఒక్కటే కాదు, ఎండ కూడా. ఇంజనీర్లు లెక్కకు ప్రమాణంగా తీసుకునే 15 డిగ్రీల గాలితో పోలిస్తే, మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి మరో తొమ్మిది శాతం పలచన. రెండూ కలిస్తే ఇంజన్‌కు అందేది సుమారు 86 శాతం. చల్లని దేశంలో కిలోమీటరున్నర కొండ మీద ఉండే గాలి అది! వేసవిలో ఏసీ వేసుకుని, నిండా మనుషులతో అచ్చంపేట దాటి మన్ననూరు వైపు పోతుంటే చిన్న కారు 'లాగట్లేదు' అనిపించడంలో ఇదీ ఒక భాగం. నల్లమల ఘాటు ఇంకా మొదలే కాలేదు.

మరి సూపర్‌చార్జర్ ఉంటే ఈ నష్టం తప్పుతుందా? పూర్తిగా తప్పదు, చాలామంది పొరబడేది ఇక్కడే. దాన్ని తిప్పేది ఇంజన్ బెల్టు. పుల్లీల కొలత మారదు కాబట్టి, మానికతో గింజలు కొలిచినట్టు ప్రతి చుట్టుకూ ఒకే పరిమాణంలో గాలిని పోస్తుంది. గాలే తేలికైతే మానిక నిండినా తూకం తగ్గుతుంది. సముద్రతీరంలో బయటి పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేసే సూపర్‌చార్జర్‌ను లద్దాఖ్‌లోని ఖర్‌దుంగ్ లాకు, 5,359 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లామనుకోండి. అక్కడ బయటి పీడనమే తీరంలోని దాంట్లో దాదాపు సగం. దాన్ని ఒకటిన్నర రెట్లు చేసినా ముప్పావు దగ్గరే ఆగుతుంది. తీరంలో నడిచే మామూలు ఇంజన్‌కు అందేంత గాలి కూడా దీనికి అందదు. నొక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు తగిలేదీ ఆ పలచని గాలే. ఒక్క ఊరట ఏమిటంటే, పలచని గాలిని నొక్కడానికి ఇంజన్ నుంచి గుంజుకునే శక్తి కూడా కొంత తగ్గుతుంది. ఏది ఎలా ఉన్నా సూపర్‌చార్జర్ లేని బండి కంటే ఇది అక్కడ ఎంతో మేలు.

ఈ చిక్కుకు దారి విమానాలు చూపించాయి. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫోర్డ్ మాస్ బెల్టును వదిలేసి, సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి పొగతో కంప్రెసర్‌ను తిప్పించాడు. మనం టర్బో అనేది ఇదే. దీనికి ఇంజన్ వేగంతో ముడి లేదు. బయట పీడనం తగ్గితే పొగ మరింత జోరుగా తన్నుకుపోతుంది, పక్కదారి కవాటం మూసుకుంటే టర్బైన్ ఇంకా వేగంగా తిరుగుతుంది. తన వేగం హద్దు దాటనంతవరకు ఎత్తు వల్ల వచ్చిన లోటును అదే పూడుస్తుంది. నమ్మనివాళ్లకు చూపించడానికి 1918లో మాస్ లిబర్టీ విమాన ఇంజన్‌ను లారీ మీద కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి, 14 వేల అడుగులకు పైన ఎక్కించాడు. కింద సుమారు 350 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజన్ శిఖరం మీద టర్బో లేకుండా 230 ఇచ్చింది, టర్బోతో 356.