వాన సున్నా అయితే జావాస్క్రిప్ట్ ఎందుకు తడబడుతుంది?

అనంతపురం పడమటి కనుమల వానచాటు ప్రాంతం. ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. ఐదు రోజుల వాన లెక్కను ఒక అరేలో పెట్టామనుకోండి: [0, 1, 0, 12, 30].

వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే ‘వాన రోజు’. మొదటి వాన రోజు ఏది? ఈ షరతును అరేలో వెతికిపెట్టే ‘ఫైండ్’ పద్ధతికి ఇస్తే, మొదటి గడి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి 12 దగ్గర ఆగిపోతుంది. 30 వైపు కన్నెత్తి చూడదు. వాన రోజులన్నీ కావాలంటే ‘ఫిల్టర్’ వాడాలి. అది చివరిదాకా వెళ్తుంది.

ఇప్పుడు తిరగేసి అడుగుదాం: చినుకు పడని రోజు ఉందా? ఫైండ్ 0 తెచ్చిస్తుంది. దొరికిందన్నమాట! కానీ దాన్ని నేరుగా ‘ఇఫ్’లో పెడితే జావాస్క్రిప్ట్ 0ను ‘కాదు’ కింద లెక్కగడుతుంది. ఎండిన రోజు ఎదురుగా ఉన్నా లేదనేస్తుంది. కరవు సీమ లెక్కల్లో సున్నాలకేం తక్కువ!

అందుకే ఉందా, లేదా అని అడగడానికి ‘సమ్’ (some) మేలు. అవును, కాదు అని మాత్రమే చెబుతుంది. ఎన్నో గడిలో ఉందో తెలియాలంటే ‘ఫైండ్‌ఇండెక్స్’. గడుల లెక్క 0తోనే మొదలవుతుంది కనుక, దొరకనప్పుడు అది -1 ఇస్తుంది. పోల్చాల్సింది ఆ -1తోనే.