మండువాలో వాన, పెరటి వెనక కాలువ

మండువా లోగిలి అంటే నడిమధ్య కప్పు లేని పెంకుటిల్లు. నాలుగు వైపులా గదులు, వాటి ముందు స్తంభాల వసారా, మధ్యలో ఆకాశం. కప్పు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి వానొస్తే నీళ్లన్నీ చూరు మీదుగా ఇంటి నడుమనే పడి, తూము గుండా బయటికి పోతాయి. కోనసీమ పల్లెల్లో మిగిలిన ఇలాంటి ఇళ్లలో కొన్ని ఇప్పుడు సినిమా షూటింగులకు, మరికొన్ని సెలవుల్లో దిగే కుటుంబాలకు అద్దెకు పోతున్నాయి.

పిల్లలున్నవాళ్లకు ఈ ఇల్లు నప్పడానికి కారణం దాని కట్టడంలోనే ఉంది. హోటల్లో దిగిన కుటుంబం గదికి ఇద్దరుగా విడిపోతుంది. లోగిలిలో ఏ గది తలుపు తీసినా ఎదురుగా మండువాయే. వంటింట్లో కూర తరిగేవాళ్లకు, ఉయ్యాల బల్ల మీద కూర్చున్న తాతగారికి, అక్కడ ఆడే పిల్లలు కంటి ముందే ఉంటారు. వీధి గుమ్మం గడియ వేస్తే చాలు. గడపలు మాత్రం ఎత్తు. పాకే పిల్లలకు, మోకాళ్ల నొప్పులవాళ్లకు అవే అడ్డు. ఒక గదిలో మాట్లాడింది నాలుగు గదులకూ వినపడుతుంది కనుక కొత్త దంపతులకు ఇది అంత అనువైన విడిది కాదు.

నిజానికి ఈ ఇల్లు మొదటినుంచీ విడిది ఇల్లే. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు దిగితే వసారాలో బారులు తీర్చి విస్తళ్లు వెయ్యాలి, రాత్రికి అందరికీ పక్కలు పరవాలి. ఆ లెక్కతోనే అంత వెడల్పున కట్టారు. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లాక పండగ మూడు రోజులు తప్ప తాళం పడింది. మనిషి మసలని పెంకుటిల్లు త్వరగా పాడవుతుంది. పెంకు నేయించకపోతే కప్పు కారుతుంది, తడిసిన వాసాలకు చెద పడుతుంది. ఆ ఖర్చుకు అద్దె ఒక ఆసరా.

వేల్స్ కొండల్లోనూ పాత రాతి ఇళ్లు ఇలాగే సెలవుల విడుదులయ్యాయి. అక్కడ బయటివాళ్లు ఇళ్లు కొనేసి స్థానికులకు నీడ కరువవడంతో, రెండో ఇళ్ల మీద కౌన్సిల్ పన్నుకు (అక్కడి ఇంటి పన్ను) అదనంగా 300 శాతం దాకా వేసే అధికారాన్ని 2023 ఏప్రిల్ నుంచి స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చారు. కోనసీమ లోగిళ్ల తంటా వేరు. ఇళ్లున్నాయి, ఉండేవాళ్లే లేరు.

కొండల ఊళ్లకు కొండ ఎలాగో కోనసీమలోని ఆత్రేయపురానికి కాలువ అలాగ. 1847-52 మధ్య సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక డెల్టాకు కాలువలు సాగాయి. మధ్య డెల్టా నీరు బొబ్బర్లంక దగ్గర బయల్దేరి, ఆత్రేయపురం పక్కనున్న లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలుతుంది. ఆ లాకులు ఎన్నో సినిమాల్లో కనిపించినవే. వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: మరమ్మతుల కోసం ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మే నెలలో బురదే మిగులుతుంది. జులై, ఆగస్టుల్లో వరద భయం; ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నిండు కాలువ, పచ్చని చేలు, ఒంటికి హాయైన చలి, మూడూ కలిసొచ్చేది కార్తికం నుంచి సంక్రాంతి దాకానే. నిండు కాలువంటే ప్రమాదమూ నిండుగా ఉన్నట్టే. రేవు మెట్లు పాచి పట్టి జారతాయి, గట్టుకు పిట్టగోడ ఉండదు. కాలువ పెరటి వెనకే ఉంటే, పెరటి తలుపుకు పిల్లల చెయ్యి అందని ఎత్తున గడియ ఉందో లేదో ఇల్లు మాట్లాడుకునే ముందే చూసుకోవాలి. ఏసీ సంగతి తర్వాత అడగొచ్చు.

పిల్లల్ని ఓ పూటంతా కదలకుండా కూర్చోబెట్టేది పూతరేకుల పొయ్యి. నానబెట్టిన బియ్యాన్ని పాలలా పలచగా రుబ్బుతారు. పక్కకు రంధ్రమున్న కుండను బోర్లించి, ఆ రంధ్రంలోంచి ఎండు కొబ్బరి మట్టలతో మంట పెడతారు. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, కాగిన కుండ మీద ఒక్క విసురుతో లాగుతారు. గుడ్డ దాటిన చోట తెల్లని పొర లేస్తుంది. కాగితం కన్నా పల్చన. మంట కాస్త ఎక్కువైనా రేకు మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది. అది చేతికి పట్టుబడాల్సిన పని, ఊళ్లో ఎక్కువగా ఆడవాళ్లదే. తర్వాత రేకుకు తడి అద్ది, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లమో చల్లి మడుస్తారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పంచదారవి కొన్నాళ్లు నిలవ ఉంటాయి, కానీ రుచి మాత్రం పొయ్యి పక్కన తిన్నప్పుడే.

చూడదగ్గ గుళ్లు రెండు ఆత్రేయపురం మండలంలోనే ఉన్నాయి. ర్యాలిలో ఒకే రాతి విగ్రహానికి ముందు వైపు కేశవస్వామి, వెనక వైపు జగన్మోహిని. వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాల మొక్కు ఉంది. శనివారం ఆ దారంతా జనం. లోగిలిలో దిగినవాళ్లకు ఆ తొక్కిసలాట అవసరం లేదు. ఏ బుధవారమో వెళ్లి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనానికి మండువాలోకి వచ్చేయొచ్చు.