చంటోడు పాలు కక్కుతున్నాడా? ఫోన్లో వైద్యం వద్దు

కువైట్‌లో శుక్రవారం వస్తే మా క్యాంపు రూములో అందరి చెవులకూ ఫోన్లే. చంటిపిల్లలున్న ఇంటి నుంచి ఒక మాట తప్పకుండా వస్తుంది: "తాగిన పాలన్నీ కక్కేస్తున్నాడండీ." ఈ మాటకు మేము రెండుసార్లు తప్పు సలహా ఇచ్చాం.

మొదటిసారి మా రూమ్మేట్ కూతురికి మూడో నెల. తల్లిపాలు పడటం లేదని ఇంట్లో పెద్దవాళ్లన్నారు. మేమంతా కూర్చుని డబ్బాపాలు పట్టమని తీర్మానం చేసేశాం. ఊరెళ్లే మనిషి చేత డబ్బాలు, గ్రైప్ వాటర్ పంపాం. తీరా పిల్లల డాక్టరు తూకం వేస్తే పాప బరువు చక్కగా పెరుగుతోంది. జబ్బే లేదు. ఆ తల్లిని మాత్రం రెండు వారాలు ఏడిపించాం.

ప్లంబింగ్ తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లు వెనక్కి రాకుండా లైన్లో నాన్ రిటర్న్ వాల్వు పెడతాం కదా. అన్నవాహిక పొట్టలో కలిసేచోట అలాంటి పని చేసే కండరం ఉంటుంది. పసివాళ్లలో అది తరచూ వదులవుతుంది. పైగా తాగేది పాలు, ఉండేది పడుకునే. నాలుగో నెల ప్రాంతంలో కక్కడం ఎక్కువగా ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నరకు చాలామందిలో పోతుంది. తల్లిపాలు మానొద్దు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వాలి. భుజాన వేసుకుని తేన్పు రానిచ్చి, 20-30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోవాలి. నిద్ర మాత్రం వెల్లకిలానే. బోర్లా పడుకోబెడితే ప్రాణానికే ముప్పు. పెద్దల గ్యాసు మందులు అసలే వద్దు.

రెండోసారి ఇంకో తమ్ముడి కొడుకు, ఐదు వారాలవాడు. ఈసారి మేము అన్నీ తెలిసినట్టు "ఏం కాదులే, పిల్లలన్నాక కక్కుతారు" అన్నాం. వాడు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కేవాడు, వెంటనే మళ్లీ ఆకలికి ఏడ్చేవాడు. వాళ్లమ్మ మా మాట వినకుండా ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. పొట్ట నుంచి పేగులోకి వెళ్లే దారి దగ్గర కండరం మందమై ఇరుకైపోయిందని స్కానింగులో తేలింది. ఆపరేషన్ చేశారు. పిల్లాడు బాగున్నాడు. మేము చెప్పినట్టు విని ఉంటే!

అలా చిమ్మినా, కక్కింది ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, జ్వరమొచ్చినా, ఉచ్చ తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బరువు పెరగకపోయినా, ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైనా డాక్టరుకు చూపించాల్సిందే. కాబట్టి ఈ శుక్రవారం ఫోన్లో మందు పేరు చెప్పకండి. తూకమెంత, ఉచ్చ ఎన్నిసార్లు పోశాడు, కక్కు ఏ రంగు అని అడగండి. ఆటోకి, డాక్టరుకి డబ్బులు ముందే ఆమె చేతిలో ఉండేట్టు చూడండి.