సముద్రపు గాలిని నమ్మవద్దు

నాపరాళ్ల గనుల మధ్య పుట్టి పెరిగిన మా బేతంచెర్ల వాళ్లకు ఎండంటే లెక్క లేదు. వేసవి సెలవుల్లో పిల్లలతో గుంటూరు రైలెక్కి, అక్కణ్ణుంచి బాపట్ల పోయి, సూర్యలంక ఒడ్డున కాలు పెట్టగానే "అబ్బ, ఎంత చల్లగా వుందీ!" అంటారు. చిక్కంతా అక్కడే వున్నది. మా సీమ గాలి పొడిది. పట్టిన చెమట పట్టినట్లే ఆరి ఒళ్లు చల్లబడుతుంది. కోస్తా గాలి నిండా తేమే. చెమట కారుతుందే గాని ఆరదు. వేడి వంట్లోనే నిలిచిపోతుంది. 43 డిగ్రీలకు జంకని మనిషి అక్కడ 37 డిగ్రీలకే సొమ్మసిల్లవచ్చు సుమా!

మిట్టమధ్యాహ్నం నీడపట్టున వుండండి. దాహం వేయకముందే ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టించాలి. మాట తడబడి మగత కమ్మితే అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయక, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి విసురుతూ, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఇక ఈత. దిగుడుబావిలో నేర్చిన ఈత అలల దగ్గర చెల్లదు. లోపలికి లాగే పాయలో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదవద్దు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక తిరగండి. పిల్లలనైతే, ఎంత మారాం చేసినా సరే, మోకాటి లోతు దాటనివ్వకండి.