సింహాసనం నుండి సామాన్యుని కుర్చీ వరకు

కూర్చోవడం మానవునికి సహజంగా అబ్బిన విద్య. కుర్చీ మాత్రం అంత సహజంగా అందినది కాదు. వేల సంవత్సరాల పాటు అత్యధిక ప్రజానీకం నేల మీద, చాప మీద, పీట మీద, అరుగు మీద కూర్చునే భుజించింది, పని చేసుకుంది, తగవులు తీర్చుకుంది. వీపు ఆనించుకోవడానికి వీలైన ఎత్తయిన ఆసనం కొద్దిమందికే దక్కింది. అందువల్లనే అనేక భాషలలో కుర్చీ అన్న మాట అధికారానికి పర్యాయపదమయింది. సభను నడిపించే వ్యక్తిని ఇంగ్లీషువారు 'ఛైర్మన్' అన్నారు. మనం పీఠాధిపతి అంటాం, గద్దెనెక్కాడంటాం. 'కుర్చీ కోసం కొట్లాట' అంటే అది కొయ్య సామాను కోసం జరిగే కొట్లాట కాదని పిల్లలకు సైతం తెలుసు. కుర్చీ అన్న పదం మనకు అరబ్బీ నుండి పారశీక, ఉర్దూ భాషల మీదుగా వచ్చింది.

మన ఇళ్ళలోను, కార్యాలయాలలోను ఉన్న ఫర్నిచర్ చరిత్రను తరచి చూస్తే, కొయ్య, లోహం, ప్లాస్టిక్‌ల కథతో పాటు మరొక కథ కూడా కనిపిస్తుంది. ఎవరికి కూర్చునే అర్హత ఉంది, ఎవరు నిలబడి ఉండాలి అన్నదే ఆ కథ.

బంగారు రేకు చెప్పిన సాక్ష్యం

1925లో ఈజిప్టులోని గీజా వద్ద పురాతత్త్వవేత్తలు ఒక సమాధిని కనుగొన్నారు. అది మహా పిరమిడ్‌ను నిర్మింపజేసిన ఖుఫూ చక్రవర్తి తల్లి హెటెఫెరెస్‌ది. క్రీ.పూ. 2600 ప్రాంతానికి చెందిన ఆమె మంచం, చేతుల కుర్చీ, పందిరి అక్కడ లభించాయి. కొయ్య ఏనాడో శిథిలమైపోయింది. దానికి తొడిగిన బంగారు రేకులు మాత్రం నిలిచాయి. వాటి కొలతలనుబట్టి నిపుణులు ఆ వస్తువులను తిరిగి రూపొందించారు. కుర్చీ కాళ్ళు సింహపు పాదాల ఆకృతిలో ఉన్నాయి. మన భాషలోని 'సింహాసనం' అన్న పదం కూడా ఇక్కడ స్ఫురించక మానదు. రాజును మోయవలసినది మృగరాజే అన్న భావన రెండు నాగరికతలలోను కనిపిస్తుంది.

ఒక కర్ర చివరను సన్నగా చెక్కి, మరొక కర్రకు తొలిచిన రంధ్రంలో బిగించే అతుకు ఆనాటి ఈజిప్టు వడ్రంగులకు బాగా తెలుసు. నేటి వడ్రంగికి కూడా అదే ఆధారం. నాలుగున్నర వేల ఏళ్ళలో కుర్చీ ఆకారాలు ఎన్నో మారాయి గాని, ఈ అతుకు మారలేదు.

ఖాళీ సింహాసనం

క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకులు 'క్లిస్మోస్' అనే కుర్చీని రూపొందించారు. వెలుపలికి వంపు తిరిగిన కాళ్ళు, వీపును చుట్టుకొన్నట్లుండే పట్టె దీని ప్రత్యేకతలు. గ్రీకు కలశాల మీది బొమ్మలలో, శిలాఫలకాలలో గృహిణులు కూడా దీనిపై కూర్చుని కనిపిస్తారు. రాజఠీవిని ప్రదర్శించడంకన్నా శరీరానికి సుఖం చేకూర్చడమే ఈ కుర్చీలో ప్రధానంగా కనిపిస్తుంది.

మన అమరావతి శిల్పులు ఆసనాన్ని మరొక విధంగా వినియోగించారు. అక్కడి కొన్ని శిల్పఫలకాలలో బుద్ధుని రూపం ఉండదు. ఖాళీ సింహాసనం, దాని ముందు పాదముద్రలు, చుట్టూ అంజలి ఘటించిన భక్తులు ఉంటారు. రాజ్యాన్ని త్యజించిన వానిని స్మరించడానికి కూడా సింహాసనమే అవసరమయింది. గౌరవానికీ ఆసనానికీ మధ్యనున్న అనుబంధం అంత బలమైనది.

విశాఖ రేవులో విరిసిన కళ

17వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొంది. దొరలకు కుర్చీలు, మేజాలు, అలమారాలు కావలసి వచ్చాయి. స్థానిక పనివారు ఇంగ్లండు నమూనాలను చూసి, ముఖ్యంగా రోజ్‌వుడ్, ఎబొనీ కలపలలో ఏనుగు దంతాన్ని పొదిగి సామాను తయారుచేశారు. దంతం మీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్కను నింపి లతలను, పుష్పాలను తీర్చిదిద్దారు. అనంతర కాలంలో కొయ్య మీద పలుచని దంతపు రేకులనే తాపడం చేశారు. 18వ శతాబ్దపు విశాఖ పనితనానికి నిదర్శనాలు నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. దంతపు వ్యాపారం నేడు మన దేశంలో నిషిద్ధం.

ఆ కుర్చీలను మలిచిన మన పనివారిలో ఎందరు వాటిలో కూర్చుని ఉంటారు? నేల మీద కూర్చుని, కాలి వేళ్ళతో చెక్కను అదిమిపట్టి ఉలి నడపడం మన వడ్రంగి సంప్రదాయం. కుర్చీ దొరకు చేరింది. దానిని చేసినవాడు నేల మీదనే ఉండిపోయాడు.

ఆరు ముక్కలు, పది మరలు

కుర్చీని సామాన్యునికి అందించిన ఘనత 1796లో జర్మనీలోని బోపార్డ్‌లో జన్మించిన మైఖేల్ థోనెట్ అనే వడ్రంగిది. చెక్కను వంచినపుడు దాని లోపలి వైపు నొక్కుకుంటుంది, వెలుపలి వైపు సాగుతుంది. ఆవిరి పట్టిన చెక్క నొక్కుడును భరిస్తుంది గాని, సాగుడును భరించలేక పగులుతుంది. థోనెట్ వెలుపలి వైపున ఇనుప పట్టీ బిగించి వంచాడు. పట్టీ సాగుడును అరికట్టడంతో చెక్క పగలకుండా వంగింది.

ఈ పద్ధతిలో 1859లో వెలువడినదే '14వ నంబరు' కుర్చీ. ఆరు కొయ్య ముక్కలు, పది మరలు, రెండు నట్లు: ఇంతే దాని సామగ్రి. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనపు మీటరు పెట్టెలో ఇమిడేవి. చేరిన చోట బిగించుకోవడమే తరువాయి. 1930 నాటికి సుమారు 5 కోట్ల కుర్చీలు అమ్ముడుపోయాయని అంచనా. సింహపు పాదాలు, బంగారు రేకులు లేని ఈ కుర్చీ కాఫీ హోటళ్ళలో కార్మికునికి, కవికి సమానంగా చోటిచ్చింది.

1925లో మార్సెల్ బ్రాయర్ సైకిలు హ్యాండిల్ నుండి స్ఫూర్తి పొంది ఉక్కు గొట్టాలతో కుర్చీని రూపొందించాడు. 1972లో ఫ్రాన్సుకు చెందిన హెన్రీ మాసొనె ఏకఖండంగా పోతపోసిన ప్లాస్టిక్ కుర్చీని రెండు నిమిషాలలోపే తయారుచేసే విధానాన్ని సాధించాడు. మన పెళ్ళి పందిళ్ళలో, సభలలో వరుసలుగా పేర్చే కుర్చీలు ఆ కుటుంబానికి చెందినవే.

గుమాస్తా కుర్చీకి లక్షల విలువ

ప్రభుత్వ రంగంలో పనిచేసే మనకు చండీగఢ్ ఉదంతం ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. ఆ నగర నిర్మాణంలో లె కార్బూజియేతో పాటు ఆయన బంధువు పియర్ జానెరే 1951 నుండి 1965 వరకు పాల్గొన్నాడు. కార్యాలయాలకు, కళాశాలలకు, న్యాయస్థానానికి కావలసిన కుర్చీలను, బల్లలను ఆయన ఆధ్వర్యంలో రూపొందించారు. చెదపురుగును తట్టుకొనే టేకు, గాలి ఆడే పేము అల్లిక, తలక్రిందులైన 'వి' అక్షరం వంటి కాళ్ళు వాటి లక్షణాలు. స్థానిక వడ్రంగులు చేయగలిగిన నిరాడంబరమైన పని అది.

కాలక్రమంలో అవి పాతబడ్డాయి. విరిగినవాటిని డాబాల మీదికి, ఆవరణలలోకి చేర్చి, తుక్కు క్రింద వేలం వేశారు. వాటిని కొన్న వర్తకులు బాగుచేయించి విదేశాలలో ఒక్కొక్కటి లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఈ వారసత్వ వస్తువుల విక్రయాన్ని, ఎగుమతిని నిషేధించింది. గుమాస్తా కోసం చేసిన కుర్చీ శ్రీమంతుల భవనాలకు అలంకారమయింది. మన గిడ్డంగిలోని పాత సామానును తుక్కు జాబితాలో చేర్చే ముందు ఒక్కసారి పరిశీలించడం మంచిదని ఈ ఉదంతం బోధిస్తుంది.

ఇంకా నిలబడి ఉన్నవారు

నేడు కుర్చీ లేని ఇల్లు అరుదు. కార్యాలయాలలో సమస్య తారుమారయింది. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఆరోగ్యానికి హానికరమని, ఆ సమయాన్ని తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పాదాలు నేలకు పూర్తిగా ఆనేటట్లు కుర్చీ ఎత్తు ఉండాలి. పెద్దల కుర్చీలో కాళ్ళు వ్రేలాడేసుకుని చదువుకొనే పిల్లల పాదాల క్రింద ఒక పీట వేసినా ఎంతో మేలు.

కాని ఒకవైపు మనం కూర్చుని అలసిపోతుండగా, మరొకవైపు కూర్చునే వీలు లేక అలసిపోయేవారు ఉన్నారు. నిలబడి పనిచేసే కార్మికులు అవకాశం దొరికినపుడు కూర్చునేందుకు ఏర్పాటు ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 44వ సెక్షను నిర్దేశించింది. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కూడా ఆ ఏర్పాటు ఉంది. వస్త్ర దుకాణాలలో దినమంతా నిలబడి పనిచేసిన మహిళల ఆందోళన ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టబద్ధం చేసింది. 2021లో తమిళనాడు శాసనసభ కూడా అటువంటి సవరణను ఆమోదించింది.

గీజా సమాధిలోని బంగారు కుర్చీకి, దుకాణం మూలనున్న ప్లాస్టిక్ స్టూలుకు మధ్య నాలుగున్నర వేల సంవత్సరాల దూరం ఉంది. ఆ దూరాన్ని మానవుడు ఇంకా పూర్తిగా దాటలేదు. పండుగకు కుటుంబ సమేతంగా చీరలు కొనడానికి వెళ్ళినపుడు మనకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తాను నిలబడే మడతలు విప్పే అమ్మాయి వెనుక ఒక స్టూలు ఉన్నదో లేదో గమనిద్దాం. లేకపోతే యజమానితో ఒక మాట చెప్పడానికి సంకోచించవద్దు.